రెండింటికి గేటు దగ్గర

మెట్ల వీధి, మా ఇంటి వెనక గుమ్మం

నా లెక్కల పిట్టా,

నీ ఉత్తరాలు మూడు వచ్చాయి. మూడూ దాచుకున్నా, ఒక్కదానికీ జవాబు రాయలేదు. కోపం లేదు తల్లీ. నాది ఐదో తరగతి చదువు. అక్షరాలు గుర్తున్నాయి గాని వరసలో నిలబడమంటే నిలబడవు, బడి వదిలిన పిల్లల్లాగా. మీ బాబాయి తను రాసిపెడతానన్నాడు. ఆయన కలం పడితే మొదటి మాట "క్షేమం" అంటాడు. ఏం క్షేమం? అందుకే నేనే కూర్చున్నా. తప్పులుంటే నవ్వుకో, ఇంకెవరికీ చూపించకు.

నా చుక్క పోయి నాలుగు నెలలు నిండాయి. ఐదేళ్ళ పిల్ల. దాని చెప్పులు ఇంకా గుమ్మం పక్కనే ఉన్నాయి. తియ్యమని ఎవరూ అనరు, నేను తియ్యను. మిల్లుకి పోతున్నా, వస్తున్నా. నూలు వడికే చేతులకి దుఃఖం తెలీదు, వాటి పని అవి చేసుకుపోతాయి.

ఇప్పుడు నీతో పని పడింది. గొంతు జ్వరం మళ్ళీ మొదలైంది. రైలు కట్ట పక్కన ఇద్దరు పిల్లల్ని ఆసుపత్రిలో పెట్టారు. జబ్బు ఎటు నడుస్తుందో లెక్కలు కట్టే ఆఫీసులో ఉన్నావు కదా నువ్వు. ఒక్కటి చెప్పు. చుక్కకి వచ్చే నాటికి మా వీధిలో ఒక్క పిల్లకీ జ్వరం లేదు. మరి మా ఇంటికి ఎలా వచ్చింది? దేవుణ్ణి అడిగితే పలకలేదు. డాక్టర్ని అడిగితే "గాలి వల్లమ్మా" అన్నాడు. గాలి అందరిళ్ళలోనూ ఉందిగా?

నీ లెక్క ఏమంటుందో రాయి. దాచకుండా రాయి.

మీ పిన్ని

*

ఆఫీసు, మూడో అంతస్తు, కిటికీ లేని గది

పిన్నీ,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అక్షరాలు బానే నిలబడ్డాయి, నేనే కూర్చుండిపోయాను.

మా పని చెబుతాను. ఊరిని గళ్ళుగా కోస్తాం. మీ ఊరికి ముప్ఫై ఎనిమిది గళ్ళు, వీధికొకటి. ఏ గడిలో ఎంతమంది పిల్లలు, పగలు ఎక్కడ ఉంటారు, ఏ గడి నుంచి ఏ గడికి పోయొస్తారు, అవన్నీ కంప్యూటరుకి ఇస్తాం. ఆ రాకపోకల్ని బట్టి జబ్బు ఎటు అడుగేస్తుందో అది చెబుతుంది. జబ్బు పడ్డ పిల్ల సగటున ఎంతమందికి అంటిస్తుంది అన్నది మాకు ప్రాణం. ఆ అంకె ఒకటి దాటితే జ్వరం పెరుగుతుంది. ఒకటి కిందికి దిగితే నూనె అయిపోయిన దీపంలాగా తనే ఆరిపోతుంది. మా తిప్పలన్నీ ఆ ఒకటి కోసమే.

దాచొద్దన్నావు కాబట్టి చెబుతున్నా. నా లెక్క ప్రకారం మీ వీధికి జ్వరం రాకూడదు. అప్పుడు జ్వరం ఉన్నది కాలవ గట్టున. అక్కడి నుంచి మీ మెట్ల వీధికి నాలుగు గళ్ళ దూరం. మధ్య గళ్ళలో ఎవరికీ రాలేదు, నేరుగా మీ దగ్గర తేలింది. ఇలా ఆరు చోట్ల జరిగింది. "మీ జ్వరం కప్పా ఏంటమ్మా, గెంతుతోంది?" అని పెద్దసారు అందరి ముందూ అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. తర్వాత మెట్ల దగ్గర నిలబడి ఏడ్చాను. అది గెంతి పడ్డ చోట మన చుక్క ఉంది కదా.

ఇప్పుడు మా చేతిలో పదకొండు వందల టీకాలే ఉన్నాయి. ఇంకో దఫా రావడానికి మూడు నెలలు పడుతుంది. మీ ఊళ్ళో పిల్లలు ఆరు వేలు. ఎవరికి వేయాలో మూడు వారాల్లో నేను చెప్పాలి. పోయినసారి నేను చెప్పిన వీధుల్లోనే వేశారు. నేను తప్పు చెప్పాను. మళ్ళీ తప్పు చెబితే ఎంతమంది చుక్కలో.

నువ్వక్కడే ఉన్నావు, నీకు కళ్ళున్నాయి. ఆ మధ్యలో ఏముందో నాకు కనపడట్లేదు పిన్నీ. ఏదైనా సరే రాయి.

నీ లెక్కల పిట్ట

*

మెట్ల వీధి

పిట్టా,

అయితే నీ లెక్కకి కూడా తెలీదన్నమాట. సరే.

నాకేం కనపడుతుంది? నా లోకమంతా నలభై మూడో ఫ్రేము. ఫ్రేమంటే నూలు వడికే మిషను, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా ఉంటుంది. మా హాల్లో నూట ఎనభై ఉన్నాయి. ఒక్కోదానికి ఇద్దరు ఆడవాళ్ళు. పొద్దున ఆరు నుంచి రెండు దాకా ఒకతె, రెండు నుంచి రాత్రి పది దాకా ఇంకొకతె. ఆ ఇద్దర్నీ జోడీ అంటాం. వీధిని చూసి జోడీ కట్టడు మేస్త్రి, చేతి వేగం చూసి కడతాడు. నేను పొద్దు షిఫ్టు, మెట్ల వీధి. నా జోడీ మాపు షిఫ్టు, కాలవ గట్టు. ఆరేళ్ళు ఒకే మిషను తిప్పాం. ఎక్కడ పోగు తెగుతుందో నాకంటే ముందు దానికి తెలిసేది. మొగుడితో కంటే దానితోనే ఎక్కువ కాపురం చేశానని మీ బాబాయి ఎగతాళి చేసేవాడు.

ఇప్పుడు దాని మొహం చూడను. అది ఎడమ వైపు నుంచి వస్తే నేను కుడి వైపు నుంచి పోతా. ఎందుకని అడక్కు. దాని మాటెత్తితే నా నోటికి బూతులు వస్తాయి, నీకు రాయలేను.

రెండింటికి సైరన్ మోగితే ఇప్పటికీ చేతులు చాస్తాను. అలవాటు చావలేదు. గేటు దగ్గర అందరి చేతుల్లోకీ పిల్లలు వస్తారు. నా చేతిలో ఖాళీ క్యారియర్ ఉంటుంది.

ఇంతకంటే నాకేం తెలీదు. వేళకి తిను. సన్నబడ్డావని మీ అమ్మ ఫోనులో మొత్తుకుంటోంది.

మీ పిన్ని

*

ఆఫీసు

పిన్నీ,

"గేటు దగ్గర అందరి చేతుల్లోకీ పిల్లలు వస్తారు" అని రాశావు.

మిల్లు గేటు దగ్గర పిల్లలెందుకుంటారు? నా దగ్గరున్న ఫారాల్లో మిల్లు పిల్లలంతా పగలు సొంత ఇంట్లోనే ఉన్నారు, నాయనమ్మల దగ్గర. నిన్న మళ్ళీ లెక్కపెట్టాను. మూడు వందల అరవై మంది పనివాళ్ళకి దాదాపు అంతమంది నాయనమ్మలు! జనాభా లెక్క తీస్తే మిల్లువాళ్ళ ఇళ్ళలో అసలు అంతమంది ముసలివాళ్ళే లేరు.

రైలు కట్ట దగ్గర ఇద్దరు కాస్తా ఏడుగురయ్యారు. నాకు నిజం కావాలి. ఇది అక్క కూతురిగా అడగడం లేదు. ఆఫీసు అడుగుతోందనుకో.

*

మెట్ల వీధి

ఆఫీసరమ్మ గారికి,

ఆఫీసు అడిగింది కాబట్టి ఆఫీసుకే చెప్పుకుంటున్నా.

మిల్లులో చేరేటప్పుడు మా చేత ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంటారు, ఇంట్లో పిల్లల్ని చూసుకునే దిక్కుందని. దిక్కుంటే మిల్లుకి ఎందుకు పోతాం? అయినా పెడతాం. అసలు జరిగేది వేరు. నేను పొద్దున పనిలో ఉంటే నా పిల్ల జోడీ ఇంట్లో ఉంటుంది. రెండింటికి జోడీ తన పిల్లల్నీ నా పిల్లనీ గేటు దగ్గరికి తెచ్చి నా చేతిలో పెట్టి లోపలికి పోతుంది. రాత్రి దాకా అందరూ మా ఇంట్లో. నూట ఎనభై ఫ్రేములదీ ఇదే పద్ధతి. ప్రతి పిల్లకీ రెండిళ్ళు, ఇద్దరమ్మలు. మా అమ్మల కాలం నుంచీ ఇంతే. మేనేజరుకి తెలిసినా తెలియనట్టే ఉంటాడు. కాగితం మీద పడిందో, ఉద్యోగం పోయినట్టే.

ఫారాలవాళ్ళు ముందు మా వీధికే వచ్చారు, వీధిలో ముందు మా ఇంటికే. "పగలు పిల్ల ఎక్కడుంటుంది?" అన్నారు. "మా అత్తగారి దగ్గర" అన్నాను. మా అత్తగారు పోయి తొమ్మిదేళ్ళు. పక్కింటావిడ గోడ మీంచి విని అదే చెప్పింది. సాయంత్రానికి ఆ మాట ముప్ఫై ఎనిమిది గళ్ళూ చుట్టేసింది. జ్వరం గెంతిందేమో గాని నా అబద్ధం గడప గడపా ఎక్కే పోయింది.

ఇంకోటుంది. ఇది ఎవరికీ చెప్పలేదు, మీ బాబాయికి కూడా.

నా జోడీకి ముందే చెప్పిపెట్టాను. ఎవరొచ్చి అడిగినా నా పిల్ల నీ దగ్గర లేదని చెప్పవే అని. అది మాట మీద నిలబడే మనిషి. టీకాలవాళ్ళు కాలవ గట్టుకి వచ్చిన రోజు చుక్క దాని ఇంట్లోనే ఉంది. జోడీ తన పెద్దదానికి టీకా వేయించింది. ఏడాది నిండలేదని చిన్నదానికి వాళ్ళే వేయలేదు. చుక్కని మంచం కింద దాచిపెట్టి చప్పుడు చేయకు అంది. చుక్క చప్పుడు చేయలేదు. మంచి పిల్ల కదా. సూది గుమ్మం దాకా వచ్చి వెనక్కి పోయింది. పదకొండో రోజున జ్వరం వచ్చింది.

జోడీని తిడుతున్నా గాని దాచమన్నది నేను. ఎలా వచ్చిందో నాకు మొదటే తెలుసు. తెలిసే నిన్ను అడిగా. నీ లెక్కకి కూడా తెలియదంటే నేను కాదేమో అనుకుని బతికేద్దామని.

రాశాను. ఏం చేసుకుంటావో చేసుకో.

*

ఆఫీసు

పిన్నీ, మా పిన్నీ,

నన్ను మళ్ళీ ఆఫీసరమ్మ అన్నావంటే మీ ఇంటికొచ్చి గుమ్మంలో బైఠాయిస్తా.

నీ తప్పు లేదని రాద్దామని రెండు కాగితాలు చింపేశాను. నువ్వు నమ్మవు. నా తప్పు చెబుతా విను. ఆ ప్రశ్న రాసింది నేనే. "పగలు పిల్ల ఎక్కడుంటుంది" అని అడిగిన దాన్ని, నిజం చెబితే వాళ్ళ కూడు పోతుందేమో అని ఆలోచించలేదు. ఇంకా విను. ముగ్గురు నిజం చెప్పారు పిన్నీ. మూడు ఫారాల్లో "జోడీ ఇంట్లో, కాలవ గట్టు" అని రాసుంది. వేల కాగితాల్లో మూడు. జోడీ అంటే ఏంటో నాకు అర్థం కాలేదు. తప్పుగా నింపారని ఎర్ర పెన్సిలుతో నేనే కొట్టేశాను. ఒక్క ఫోను చేసి అడిగితే నాలుగు నెలల క్రితమే తెలిసేది. నిన్న వాటిని వెతికి తీశాను. నా ఎర్ర గీతలు అలాగే ఉన్నాయి.

ఎవరి పాపం ఎంత అన్న లెక్క నాకు రాదు. వచ్చిన లెక్క ఒక్కటే, ఆ అంకెని ఒకటి కిందికి దింపడం. దానికి నాకు జోడీల జాబితా కావాలి. ఫ్రేము నంబరు, పొద్దు షిఫ్టామె వీధి, మాపు షిఫ్టామె వీధి, పిల్లలెంతమంది, అంతే. పేర్లు వద్దు. కాగితం నా చేతికే రావాలి. మిల్లు గడప తొక్కదు, నా ఉద్యోగం మీద ఒట్టు.

తొమ్మిది రోజులుంది. ఇది నేను చేయలేను. ఫారం పట్టుకుని ఏ ఆఫీసరు వచ్చినా మళ్ళీ మూడు వందల అరవై మంది నాయనమ్మలు పుట్టుకొస్తారు. నువ్వు అడిగితే చెబుతారు.

నీ పిట్ట

*

మెట్ల వీధి

పిట్టా,

ఈ కట్ట విప్పేటప్పుడు జాగ్రత్త, చిన్న చిన్న కాగితాలు. నూలు కండెలకి అంటించే లేబుళ్ళ వెనక రాశా. ఎలా వచ్చాయో చెప్పాలి, విను.

నీ ఉత్తరం అందిన రోజు పనిలోంచి నేరుగా కాలవ గట్టుకి పోదామనుకున్నా. పోతే జోడీ ఉండదు, రెండింటికి అది పనిలోకి వస్తుంది. ఆరేళ్ళు కలిసి పనిచేశాం గాని ఇద్దరం ఒకేసారి ఖాళీగా ఉన్నది సెలవు రోజునే. సెలవు దాకా ఆగితే నాలుగు రోజులు పోతాయి. అందుకని మర్నాడు పొద్దున మేస్త్రికి కడుపునొప్పని చెప్పి బయటపడ్డా. ఆరేళ్ళలో మొదటిసారి.

తలుపు తీసి నన్ను చూసి అది కదల్లేదు. "కొట్టడానికొచ్చావా?" అంది.

"చేతిలో కాగితాలున్నాయి, ఎలా కొడతా?"

"అయితే తిట్టు. నాలుగు నెలల నుంచి ఎదురు చూస్తున్నా. నువ్వు తిట్టకుండా పక్క నుంచి పోతుంటే చచ్చిపోతున్నానే."

"తిట్టాల్సింది నిన్ను కాదు" అన్నా.

ఆ మాట తర్వాత ఇద్దరం ఏం చేశామో రాయను. నీకు తెలుసు. వాళ్ళ చిన్నది వచ్చి ఇద్దరి మొహాలూ చూసి, తను కూడా ఏడవాలి కాబోలనుకుని మొదలుపెట్టింది. దాన్ని ఊరుకోబెట్టడానికి మేము ఊరుకోవాల్సి వచ్చింది.

సంగతంతా విని అది మొదటి లేబులు తీసుకుంది. "నలభై మూడు. మెట్ల వీధి. కాలవ గట్టు. పిల్లలు..." అని ఆగింది. "ఇద్దరు" అన్నా నేనే. ముగ్గురు ఉండాలి. ఇద్దరనే రాశాం.

తర్వాత ఇద్దరం పంచుకున్నాం. పొద్దు షిఫ్టు నాది, మాపు షిఫ్టు దానిది. మొదటి రోజు పదిహేను ఫ్రేములే. అందరికీ భయం. మా హాల్లో ఒకావిడ ఉంది, సైరనక్క అంటాం, ఆవిడ గొంతెత్తితే అసలు సైరన్ మూగబోతుంది. ఆవిడ నా మీదికి వచ్చింది. "నీ పిల్ల పోయింది కాబట్టి నీకు భయం లేదు. మా ఉద్యోగాలు కూడా పోవాలా?"

గేటు దగ్గర అందరూ నిలబడిపోయారు. కాగితాలు చేత్తో పట్టుకునే అన్నా. "అవునక్కా, నాకిక భయం లేదు. మీకుంది, పోగొట్టుకోవడానికి మీకింకా ఉన్నారు కాబట్టి. నాకు కూడా ఉద్యోగం పోతుందనే భయం ఉండేది. ఆ ఉద్యోగం ఉంది, చూసుకోండి, రోజూ వస్తున్నా. మంచం కింద దాచింది మాత్రం లేదు."

సైరనక్క చీర కొంగుతో ముక్కు తుడుచుకుని, "రాయి, పన్నెండో ఫ్రేము, నలుగురు. మళ్ళీ గట్టిగా రాయి, నీ అక్షరాలు కోడి గీసినట్టున్నాయి" అంది. ఆవిడ ఒప్పుకుంటే ఇంకేముంది, ఊరంతటికీ వినపడుతుంది. మర్నాటికి తొంభై. మూడో రోజుకి నూట డెబ్భై ఒకటి. ఆరు ఫ్రేముల వాళ్ళకి పిల్లల్లేరు. మూడు ఫ్రేముల వాళ్ళు చెప్పలేదు. చెబుతార్లే.

మేనేజరు పిలిచాడు. గాజు గదిలో నిలబెట్టి "ఏంటమ్మా ఆ కాగితాలు?" అన్నాడు. "పిల్లల లెక్కండి" అన్నా. "చేరేటప్పుడు మీరు పెట్టిన సంతకం గుర్తుందా?" అన్నాడు. "అందరం పెట్టామండి. తీసేస్తే అందర్నీ తీసేయాలి. నూట ఎనభై ఫ్రేములు మీరొక్కరే తిప్పుకుంటారా బాబూ?" అన్నా. ఆయన కిటికీలోంచి హాల్లోకి చూశాడు. కళ్ళన్నీ ఇటే ఉన్నాయి. "వెళ్ళి పని చూసుకో" అన్నాడు. చూసుకున్నా.

తొమ్మిదన్నావు, ఆరు రోజుల్లో పంపుతున్నా.

మీ పిన్ని

*

ఆఫీసు, అదే గది, ఇవాళ కిటికీ ఉన్నట్టుంది

పిన్నీ, పిన్నీ, పిన్నీ!

కుదురుగా రాయలేకపోతున్నా, క్షమించు.

లేబుళ్ళన్నీ నేల మీద పరిచి రాత్రంతా కంప్యూటరుకి ఎక్కించాను. గళ్ళ మధ్య ఇన్నాళ్ళూ గోడలున్నాయనుకున్న చోట ఒక్కో జోడీ ఒక్కో వంతెన వేసింది. నూట డెబ్భై ఒక్క వంతెనలు. మీ మెట్ల వీధి, కాలవ గట్టు నా పటంలో నాలుగు గళ్ళ దూరం కదా. నిజానికి పదమూడు ఫ్రేములు వాటిని కలుపుతున్నాయి. అవి పక్కిళ్ళు పిన్నీ!

నమ్మే ముందు పరీక్ష పెట్టాలి. పోయినసారి జ్వరాన్ని కాలవ గట్టున వదిలి, ఎటు పోతావో పో అన్నాను. అప్పుడు జ్వరం పదకొండు వీధులకి పోయింది. నా పాత లెక్క మూడు వీధులు సరిగ్గా చెప్పింది. ఈ లెక్క పది చెప్పింది. మెట్ల వీధికి ఏ వారం చేరిందో కూడా చెప్పింది. ఆ గీత చూడగానే కుర్చీలోంచి లేచాను.

పెద్దసారుకి చూపించాను. "కప్ప గెంతలేదు సార్. వంతెన మీద నడిచే వెళ్ళింది. వంతెన మనకి కనపడలేదు" అన్నా. ఆయన కళ్ళజోడు తీశారు, పెట్టుకున్నారు, మళ్ళీ తీశారు. "ఈ వివరాలు ఎవరు సేకరించారు?" అన్నారు. "మా పిన్ని. నూలు మిల్లులో పొద్దు షిఫ్టు" అన్నా. పక్కన నిలబడ్డ వాళ్ళలో ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆయన ఒక లేబులు తీసి, నేను ఎర్ర గీత కొట్టేసిన ఫారాల పక్కన పెట్టి చూసి, "ఎర్ర పెన్సిలు ఎవరి దగ్గరుంది? అందరూ పారేయండి" అన్నారు.

ఇక అసలు మాట. ఇప్పుడు మీ ఊళ్ళో ఆ అంకె పావు తక్కువ రెండు. పదకొండు వందల టీకాలు వీధుల వరసన వేస్తే ఒకటింబావుకి దిగుతుంది. చాలదు, జ్వరం గెలుస్తుంది. అవే టీకాలు జోడీల పిల్లలకి, వాళ్ళతో ఆడుకునే పక్కిళ్ళ పిల్లలకి వేస్తే ముప్పావు. ముప్పావు! అవే టీకాలు, అవే సూదులు!

ఒక్కటే చిక్కు. టీకా ఒంటికి పట్టడానికి పది రోజులు పడుతుంది, అందుకని అందరికీ మూడు రోజుల్లో అయిపోవాలి. ప్రతి పిల్లకీ రెండేసి ఇళ్ళు. ఏ వేళకి ఏ ఇంట్లో ఉంటారో తెలీక టీకాలవాళ్ళు తల పట్టుకున్నారు. ఏం చేద్దాం?

నీ పిట్ట

*

మెట్ల వీధి

పిచ్చి పిట్టా,

నువ్వు చదివిందంతా దేనికే? నీ ప్రశ్నకి జవాబు ఫోనులోనే చెప్పాను గాని, ఎలా జరిగిందో కాగితం మీద ఉండాలని రాస్తున్నా.

ఇల్లిల్లూ తిరగడం ఎందుకు? ఫ్రేము పిల్లలంతా రోజూ రెండింటికి గేటు దగ్గరే ఉంటారు. అక్కడే వేయండి, పక్కిళ్ళ పిల్లల్ని కూడా అక్కడికే తెస్తాం అన్నా. నువ్వు ఫోను బల్ల మీద పడేసి పెద్దసారు దగ్గరికి పరిగెత్తితే లైను తెగిందనుకున్నా.

మొదటి రోజు ఒంటిగంటకే టీకాలవాళ్ళు నాలుగు బల్లలు, మంచు పెట్టెలు తెచ్చుకుని వచ్చారు. మేనేజరు గేటు లోపల నిలబడి గడియారం చూసుకుంటున్నాడు. "మిషన్లు ఎంతసేపు ఆగుతాయి?" అన్నాడు. "అరగంటండి" అన్నారు. "అరగంటా!" అన్నాడు. సైరనక్క "మీ పిల్లల్ని కూడా తెచ్చుకోండి బాబూ, వరసలో నిలబెడతాం" అంది. ఆయన నవ్వాడు పిట్టా! పదేళ్ళలో ఆయన పళ్ళు ఎవరూ చూడలేదు.

సైరన్ మోగింది. లోపలి వాళ్ళం బయటికి, బయటి వాళ్ళు గేటు దగ్గరికి, మధ్యలో పిల్లలు. నా చేతిలో జాబితా. నేను పిలవాలి. సైరనక్క వీపు మీద ఒక్కటి చరిచింది. "ఒకటో ఫ్రేము!" అన్నా. ఇద్దరమ్మలు ముగ్గురు పిల్లల్ని తీసుకుని వచ్చారు. "రెండో ఫ్రేము!" ఒకమ్మ చేయి పట్టుకుంటే ఇంకోమ్మ కళ్ళు మూసేది. పన్నెండో ఫ్రేము వాడు సూది చూసి పారిపోయి మేనేజరు కాళ్ళ మధ్య దూరాడు. ఆయనే ఎత్తుకొచ్చి బల్ల మీద కూర్చోబెట్టాడు. ఆ ఏడుపులు, ఆ నవ్వులు! పెళ్ళివారిల్లు కూడా అంత గోలగా ఉండదు.

ఇన్నాళ్ళూ దొంగల్లాగా గోడ పక్కన చేతులు మారిన పిల్లలు. ఆ రోజు నట్టనడి వీధిలో, నంబరు పెట్టి, గట్టిగా పిలిపించుకుని వచ్చారు.

"నలభై మూడో ఫ్రేము" అని నేనే పిలిచి, జాబితా సైరనక్కకిచ్చి, నేనే పోయి నిలబడ్డా. జోడీ పక్కన. పెద్దదానికి పోయినసారే వేశారు. చిన్నదానికి ఇప్పుడు ఏడాది దాటింది, దాన్ని నేను పట్టుకున్నా. అది ఏడ్చింది. గుక్కపట్టి, గేటు అదిరిపోయేలా ఏడ్చింది. ఏడవనీ అన్నా. ఎంత చప్పుడు కావాలంటే అంత చేయవే తల్లీ.

లెక్క చెప్పని ఆ మూడు ఫ్రేముల వాళ్ళూ రెండో రోజు పిల్లల్ని తెచ్చుకుని వాళ్ళే వచ్చారు.

మీ పిన్ని

*

ఆఫీసు

పిన్నీ,

ఈ వారం కొత్త జ్వరాలు పద్నాలుగు. బెంబేలు పడకు. వీళ్ళకి టీకాకి ముందే జ్వరం అంటింది. లెక్కలో ఇది రావాల్సిందే, నేను పదిహేననుకున్నా. నాకు మాత్రం బెంబేలుగానే ఉంది. నువ్వు పడకు.

పిట్ట

*

మెట్ల వీధి

పిట్టా,

జోడీ చిన్నదానికి ఒళ్ళు వెచ్చబడింది. రెండు రోజులు. గొంతు చూపించమంటే చూపించదు. ఇద్దరం పనికి పోలేదు. ఏం రాయాలో తెలీట్లేదు.

*

మెట్ల వీధి, మర్నాడు

జలుబు. ఉత్త జలుబు! డాక్టరు గొంతులో లైటు వేసి చూసి "ఏమీ లేదమ్మా, ముక్కు తుడవండి" అన్నాడు. తుడుస్తున్నాం. ఇద్దరం వంతులేసుకుని తుడుస్తున్నాం.

*

ఆఫీసు

పిన్నీ,

వరసగా చదువు, కూర్చుని చదువు. పద్నాలుగు. తొమ్మిది. నాలుగు. రెండు. సున్నా.

మళ్ళీ సున్నా.

లెక్క ముప్పావు అంది. ఊరు అంతకంటే కిందికే దింపింది. నువ్వు రాయించిన జాబితాలో లేనిది ఏదో ఉందని పెద్దసారు బుర్ర గోక్కుంటున్నారు. వెచ్చగా ఉంటే పిల్లని జోడీ ఇంటికి పంపకుండా మీలో మీరే షిఫ్టులు సర్దుకున్నారట కదా? అది ఏ కంప్యూటరుకీ చెప్పలేదు నేను.

నలభై రెండు రోజులు వరసగా సున్నా ఉంటేనే అయిపోయినట్టు. అప్పటిదాకా మాట్లాడకు, దిష్టి తగులుతుంది. లెక్కలవాళ్ళం దిష్టి నమ్మం గాని నువ్వు మాత్రం మాట్లాడకు.

మిల్లులున్న ఊళ్ళు ఇంకో తొమ్మిది ఉన్నాయి. అన్నింటికీ ఈ పద్ధతే పెడుతున్నారు. ముందు ఫారం తీసుకెళ్ళకుండా, ముందు గేటు దగ్గర నిలబడి చూడమని రాశాను.

నీ పిట్ట

*

మెట్ల వీధి, మా ఇంటి ముందు గుమ్మం

పిట్టా,

ఇవాళ నలభై మూడో రోజు. ఇక నోరు విప్పొచ్చు కదా?

జ్వరాల వార్డులో మంచాలన్నీ తీసి ఎండలో వేశారు. నేనూ జోడీ చూడ్డానికి పోయాం. ఈ విడతలో ముప్ఫై ఆరుగురు పిల్లలు ఆ మంచాలెక్కారు. ముప్ఫై ఆరుగురూ దిగి ఇంటికి వెళ్ళారు. ఒక్కరు కూడా పోలేదు పిట్టా. ఒక్కరు కూడా. నర్సమ్మ ఖాళీ గది ఊడుస్తూ పాట పాడుకుంటోంది. "ఇక్కడ పాడకూడదేమో" అంటే "ఎవరికి ఇబ్బంది, ఎవరూ లేరుగా" అంది.

చుక్కని తలుచుకోని పూట లేదు. ఈ సంతోషం దానికి బదులని ఎవరన్నా అంటే ఊరుకోను. బదులుండదు. అయినా సంతోషమే. రెండూ ఒకే ఒంట్లో పడతాయని నాకు ఇన్నాళ్ళూ తెలీదు.

ఇవాళ రెండింటికి సైరన్ మోగింది. బయటికి వచ్చా. ఈ ఏడు నెలలూ జోడీ తన పిల్లల్ని పక్క ఫ్రేము ఆవిడకి అప్పగించేది. నన్ను అడగలేదు, నేనూ అడగలేదు. ఇవాళ తిన్నగా నా దగ్గరికి వచ్చింది. పెద్దదాని చేయి నా చేతిలో పెట్టింది. చిన్నదాన్ని నా చంకనెక్కించింది. "ఏంటలా చూస్తావ్? పట్టుకో, నాకు ఆలస్యమవుతోంది, మేస్త్రి చంపుతాడు" అని లోపలికి పరిగెత్తింది. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఇద్దరం అక్కడే కూలబడేవాళ్ళం.

బరువుంది చిన్నది. మెట్లెక్కేసరికి ఆయాసమొచ్చింది. పెద్దది మెట్లు లెక్కపెట్టింది, మధ్యలో రెండు మింగేసింది. నువ్వొచ్చి నేర్పాలి. ఇద్దరికీ పెట్టాను, తిన్నారు, నిద్రపోయారు. ఇల్లు గురక పెడుతోంది. మీ బాబాయి వచ్చి గుమ్మంలో ఆగిపోయి, చెప్పులు చేత్తో పట్టుకుని లోపలికి వచ్చాడు, చప్పుడవుతుందని. ఆయనకి చెప్పా, చప్పుడు చేస్తే చేయి, లేస్తే లేస్తారు అని.

ఇంకా చాలా రాయాలి. కాగితం కూడా ఉంది. కానీ చిన్నది లేచింది. అమ్మా అంటోంది. ఏ అమ్మనో మరి, ఇద్దరం ఉన్నాం. వెళ్ళి చూడాలి.